రెండో కొండ ఎక్కాలంటే ముందు దిగాలి

బందరు వాళ్లకు కొండ అంటే బెజవాడ ఇంద్రకీలాద్రి. అదీ చాలామంది బస్సు కిటికీలోంచి దణ్ణం పెట్టుకుని దాటేసిన కొండ. గుడివాడలో ఎత్తైన చోటు ఏదంటే రైల్వేస్టేషన్ ఫుట్ ఓవర్ బ్రిడ్జి చూపిస్తారు. దివిసీమలో అయితే కరకట్ట. కొండల దేవుడని పేరున్న కుమారస్వామి కూడా మన దగ్గరికొచ్చేసరికి మోపిదేవిలో పుట్టలో వెలిశాడు. అంత చదును మన నేల.

అందుకే ఈ చలికాలానికి మీకొక గోల్ ఇస్తున్నాను. ఒకే రోజులో రెండు శిఖరాలు. చెట్లూ రాళ్లూ ఉన్న కొండదారిలో, మీ కాళ్లతో. తెల్లవారుజామున మొదలుపెట్టి పొద్దు వాలకముందే కిందికి.

"ఒకటి సరిపోదా అండీ?" అని అడుగుతారు. సరిపోదు. ఒక కొండ ఎక్కడానికి ఉత్సాహం చాలు. రెండోదానికి అలవాటు కావాలి. ఉత్సాహం మీకు ఎలాగూ ఉంది. లేకపోతే ఇక్కడిదాకా చదివేవారే కాదు. కాబట్టి అలవాటు సంగతి చూద్దాం.

ఏ కొండ?

మన డెల్టాకు దగ్గర్లో ఒక్కరోజులో ఎక్కి దిగగలిగే జంట శిఖరాలకు నా ఓటు కోటప్పకొండకే. పల్నాడు జిల్లా, నరసరావుపేట పక్కన. దానికి త్రికూటమని పేరు. ఎటు నుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయంటారు. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు. ఇప్పుడు జనం దర్శనం చేసుకునే త్రికోటేశ్వరస్వామి గుడి బ్రహ్మ శిఖరం మీద, సుమారు 600 అడుగుల ఎత్తున ఉంది. పాత కోటయ్య గుడి రుద్ర శిఖరం మీద ఉంది. ఈ రెండూ మన టార్గెట్. మూడోది వచ్చే ఏడాదికి ఉంచుకోండి.

కొండపైకి ఘాట్ రోడ్డు ఉంది. బస్సులు పోతాయి. మీరు మాత్రం మెట్ల దారి పట్టండి. బ్రహ్మ శిఖరం దగ్గర జనం, కొబ్బరికాయలు, ప్రసాదం క్యూ. అక్కడి నుంచి రుద్ర శిఖరం వైపు కదిలాక జనం పలచబడతారు. రాళ్లు, ముళ్లపొదలు, ఎండాకాలం ఆకు రాల్చే చెట్లు. అసలు నడక అక్కడ మొదలవుతుంది.

ఈ కొండకు ఒక కథ ఉంది. గొల్లభామ ఆనందవల్లి రోజూ రుద్ర శిఖరం ఎక్కి శివుణ్ని కొలిచేది. నిండు గర్భంతో ఇక ఎక్కలేక, కిందికి రమ్మని స్వామిని వేడుకుంది. వస్తాను, వెనక్కి మాత్రం చూడవద్దన్నాడు. ఆమె ముందు, స్వామి వెనక. బ్రహ్మ శిఖరం దగ్గరికొచ్చేసరికి ఆమె తిరిగి చూసింది. ఆయన అక్కడే ఆగిపోయాడు. ఆమెకూ కొండ మీద గుడి ఉంది.

అంటే ఈ రెండు శిఖరాల నడక కొత్తగా మనం కనిపెట్టింది కాదు. దేవుడే ఒకసారి నడిచాడు. మీరు అదే దారిని కింది నుంచి పైకి చేస్తున్నారు.

కథలో వెనక్కి చూడకూడదు. హైకింగ్‌లో మాత్రం తప్పకుండా చూడాలి. ఇది నా మొదటి రూల్. దారి మలుపు తిరిగిన ప్రతిచోటా ఆగి, వెనక్కి తిరిగి, పది సెకన్లు చూడండి. ఎక్కేటప్పుడు కనిపించిన చెట్టు దిగేటప్పుడు వేరేలా కనిపిస్తుంది. తిరుగుదారి తప్పేది ఎక్కువగా ఇక్కడే.

దివిసీమ వాళ్లకు ఒక మాట. పులిగడ్డ వంతెన దాటి పెనుమూడి, రేపల్లె, తెనాలి, గుంటూరు మీదుగా వెళ్లొచ్చు. బందరు, గుడివాడ వాళ్లు బెజవాడ మీదుగా. ఎటు వెళ్లినా ముందురోజు రాత్రికే నరసరావుపేట చేరుకుని పడుకోండి. మూడింటికి లేచి బస్సులో కునికిపాట్లు పడుతూ వచ్చి కొండెక్కడం హీరోయిజం కాదు, ప్లానింగ్ లేకపోవడం.

శివరాత్రికి వద్దు. ఆ రోజు ప్రభలు చూడ్డానికి వెళ్లండి. అంతెత్తు ప్రభలు, ఆ లైట్లు, ఆ జనం, చూసి తీరాల్సిందే. కానీ అది తిరునాళ్ల, హైక్ కాదు. మీకు కార్తీకం నుంచి పుష్యం దాకా మంచి రోజులు. మార్చి దాటితే పల్నాడు ఎండతో పందెం వేసుకోవద్దు.

మీ దగ్గర ఇప్పటికే ఉన్నది

"మాది పల్లం. మాకు కొండలు చేతకావు" అనే మాట ఈ రోజు నుంచి బంద్.

మల్లి మస్తాన్‌బాబు పేరు విన్నారా? నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం అనే ఊరు ఆయనది. మనలాగే కోస్తా మనిషి. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. తర్వాత ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐఎం కలకత్తా. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కేశాడు. జనవరిలో అంటార్కిటికాలో మొదలుపెట్టి జులైలో అలాస్కాలో పూర్తి చేశాడు. ఒక శిఖరం దిగడం, ఇంకో ఖండానికి పోవడం, మళ్లీ ఎక్కడం. ఆరు నెలలు ఇదే పని.

పూర్ణ సంగతి చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ. వ్యవసాయ కూలీల బిడ్డ. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్ట్ ఎక్కిన ఆడపిల్లల్లో అంత చిన్న వయసు అంతకుముందు ఎవరిదీ కాదు. ఆ పిల్ల ట్రైనింగ్ ఎక్కడ మొదలైంది? భువనగిరి గుట్ట మీద. హైదరాబాద్ నుంచి వరంగల్ పోతుంటే రైలు కిటికీలోంచి కనిపించే ఆ బండ మీద.

ఎవరికైనా ముందు ఒక భువనగిరి ఉంటుంది. మీ భువనగిరి ఎక్కడుందో చెబుతాను. దానికి ముందు మీ బలం ఏమిటో చూసుకోండి.

వరిచేల గట్ల మీద నడిచిన కాలు మీది. జానెడు వెడల్పు గట్టు, ఒకపక్క నీళ్లు, ఒకపక్క బురద, నెత్తి మీద నారుకట్ట. ఆ బ్యాలెన్స్ కోసం సిటీల్లో జనం జిమ్‌కు డబ్బు కట్టి రబ్బరు బంతి మీద నిలబడుతున్నారు. ఉక్కపోతలో పని చేసిన ఒళ్లు మీది. పాము ఎక్కడ పడుకుంటుందో చిన్నప్పుడే నేర్చుకున్న కళ్లు మీవి. మీకు లేనిది ఒక్క ఎత్తు. అది ఆరు వారాల్లో వస్తుంది.

ఆరు వారాలు

మొదటి రెండు వారాలు: రోజూ 40 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. కాలువ గట్టు మీద నడక. మాట్లాడుతూ నడవగలిగే వేగం. బందరు వాళ్లు ఆదివారం మంగినపూడి బీచ్‌కి వెళ్లి, అడుగు దిగబడే చోట అరగంట నడవండి. ఆ అరగంట ఎంత పని చేయించిందో మర్నాడు పిక్కలే చెబుతాయి.

మూడు, నాలుగు వారాలు: మెట్లు. గుడివాడ వాళ్లకు స్టేషన్ బ్రిడ్జి ఉంది. ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని మరీ ఎక్కండి. తీరం ఊళ్లలో తుపాను షెల్టర్ మెట్లు ఉన్నాయి. అపార్ట్‌మెంట్ వాళ్లు లిఫ్ట్‌కు సెలవివ్వండి. వీపున మూడు లీటర్ల నీళ్ల సీసాలతో బ్యాగు. అంటే మూడు కిలోలు. కొండ మీద మోయబోయేది అదే.

ఐదో వారం: మీ భువనగిరి. మంగళగిరి పానకాల స్వామి మెట్లు ఎక్కి దిగండి. లేదంటే కొండపల్లి. రెడ్డిరాజుల నాటి ఖిల్లా, చుట్టూ అడవి. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి చెక్క ఆ అడవిదే. ఖిల్లా దాకా వెళ్లి చూసి రావడానికి ఇబ్బంది లేదు. అడవి లోపలి దారుల్లోకి మాత్రం అటవీశాఖ వాళ్లను అడగకుండా కాలు పెట్టొద్దు.

ఆరో వారం: విశ్రాంతి. తేలికపాటి నడక, మంచి నిద్ర. చివరి నిమిషంలో చదివి పాసయ్యే పద్ధతి పరీక్షల్లో నడుస్తుందేమో, తొడ కండరాల దగ్గర నడవదు.

ఇప్పుడు అందరూ వదిలేసే విషయం. మెట్లు ఎక్కడం ఎంత ప్రాక్టీస్ చేశారో దిగడం అంతకంటే ఎక్కువ చేయండి. ఎందుకంటారా? ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు సాగుతూ బరువు మోస్తుంది. ఘాట్ రోడ్డులో కిందికి దిగే బస్సుకు ఇంజిన్ కంటే బ్రేకుకు పని ఎక్కువ. మీ తొడలకూ అంతే. అలవాటు లేని కండరాల్లో సన్నటి చీలికలు వచ్చి, ఒకటి నుంచి మూడు రోజుల దాకా నొప్పి ఉంటుంది. మన ఊళ్లలో దిగడమనే పనే లేదు కాబట్టి మనకు ఈ నొప్పి రెట్టింపు. మంచి సంగతి ఏమిటంటే, ఒక్కసారి గట్టిగా దిగిన కండరం తర్వాతి కొన్ని వారాలు ఆ దెబ్బను బాగా తట్టుకుంటుంది. ఐదో వారంలో మంగళగిరో కొండపల్లో ఎక్కి దిగమన్నది అందుకే. అది షికారు కాదు, టీకా.

బీపీ, షుగర్, గుండె సమస్య, పాత మోకాలి గాయం ఉన్నవాళ్లు మొదటి వారానికి ముందే డాక్టరును కలవండి. "ఏం కాదులే" అనేది స్ట్రాంగ్ మైండ్‌సెట్ కాదు. పరీక్ష చేయించుకుని ధైర్యంగా నడవడం స్ట్రాంగ్ మైండ్‌సెట్.

లెక్క వేసుకుని కదలండి

1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. ఇప్పటికీ వాడతారు. మూడు మైళ్లకు, అంటే దాదాపు ఐదు కిలోమీటర్లకు ఒక గంట. ఎక్కే ప్రతి 2,000 అడుగులకు ఇంకో గంట. రానూపోనూ ఎనిమిది కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు 2,000 అడుగులు అనుకోండి. రెండున్నర గంటల పైచిలుకు వస్తుంది. అది కొండల్లో పెరిగిన స్కాట్లాండ్ కాళ్ల లెక్క. మన కాళ్లకు రెట్టింపు వేయండి. దర్శనానికి, టిఫినుకు, ఫోటోలకు ఇంకో గంటన్నర. అందుకే ఆరింటికల్లా మొదటి మెట్టు మీద ఉండాలి అంటున్నాను.

వేగం ఎంత ఉండాలి? ఎక్కుతూ పదమూడో ఎక్కం చెప్పండి. ఆగకుండా చెప్పగలిగితే వేగం సరిపోయింది. మధ్యలో ఊపిరి అందకపోతే తగ్గించండి. ఎక్కమే రాకపోతే అది వేరే వ్యాసం.

గుంపుగా వెళ్తే అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి ముందుండాలి. చివర్లో కాదు. ముందు. చివర్లో ఉంటే అతను ఆయాసపడుతూ చేరేసరికి మిగతావాళ్లు రెస్ట్ తీసుకుని లేచి బయల్దేరతారు. రెస్ట్ అవసరమైనవాడికే రెస్ట్ దొరకదు. ఆఫీసుల్లోనూ ఇదే జరుగుతుంది, గమనించారా?

బ్యాగులో: ఒక్కొక్కరికి మూడు లీటర్ల నీళ్లు. రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. పులిహోర. పెరుగన్నం వద్దు, ఎండకు పులుస్తుంది. చేతికర్ర, టార్చి, విజిల్, చిన్న ఫస్ట్ ఎయిడ్. ఎనర్జీ బార్లు కొనకండి. మన బందరు తొక్కుడు లడ్డు ఉండగా అదెందుకు? శనగపిండి, బెల్లం, నెయ్యి. చిన్న ఉండలో బోలెడంత బలం. జేబులో పెట్టుకోవచ్చు. కోతులకు కనిపించకుండా పెట్టుకోండి. కవర్లు, ఖాళీ సీసాలు మళ్లీ మీ బ్యాగులోనే కిందికి రావాలి.

కనుమ

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

మొదటి శిఖరం ఎక్కారు. గాలి తగిలింది. కింద పల్నాడు పొలాలు పరిచినట్టు కనిపిస్తున్నాయి. చెమట ఆరుతోంది. చుట్టూ అందరూ శభాష్ అంటున్నారు. మొబైల్ తీశారు. స్టేటస్ పెట్టబోతున్నారు.

ఆగండి. పెట్టొద్దు.

స్టేటస్ పెట్టిన క్షణంలో మీ మెదడు పని అయిపోయిందని రాసేసుకుంటుంది. లైకులు వస్తాయి. "సూపర్ బావా" అని మెసేజ్ వస్తుంది. కాళ్లు చల్లబడతాయి. తర్వాత రెండో కొండ కళ్లెదురుగానే ఉన్నా "మళ్లీ ఎప్పుడైనా చూద్దాంలే" అంటారు. ఫోటో తీసుకోండి, దాచుకోండి. రెండో శిఖరం దిగి మెట్ల కిందికి వచ్చాక పెట్టండి.

శిఖరానికీ శిఖరానికీ నడుమ పల్లం ఉంటుంది. కనుమ. ఒక కొండ నుంచి ఇంకో కొండకు పోవాలంటే సంపాదించుకున్న ఎత్తులో కొంత వదిలేయక తప్పదు. ఇక్కడే చదును నేల మనిషి గింజుకుంటాడు. దిగే ప్రతి అడుగుకూ లోపల లెక్క నడుస్తుంటుంది. "ఇదంతా మళ్లీ ఎక్కాలి కదా. దిగడం దేనికి, ఎక్కడం దేనికి?" ఒళ్లు అలిసిపోవడం కంటే ముందు ఈ లెక్కే మనిషిని కూలబెడుతుంది.

మీ జీవితంలో ఈ కనుమ మీరు చూడలేదా? చూశారు.

గ్రూప్-2 ప్రిలిమ్స్ పాసయ్యారు. ఇంట్లో స్వీట్లు పంచారు. మర్నాడు మెయిన్స్ సిలబస్ తెరిస్తే మళ్లీ మొదటి పేజీ. నిన్నటి టాపర్ ఇవాళ ఏమీ రాని విద్యార్థి. ఎంతమంది అక్కడ పుస్తకం మూశారో మీ ఊళ్లో స్టడీ రూమ్‌కి వెళ్లి అడగండి. ఆరు కిలోలు తగ్గారు. సంక్రాంతి వచ్చింది. అరిసెలు వచ్చాయి. రెండు కిలోలు తిరిగొచ్చాయి. "ఛీ, నా వల్ల కాదు" అని వాకింగ్ షూ అటక మీద పడేశారు. సొంత దుకాణం లాభాల్లో పడింది. రెండో దుకాణం పెట్టగానే మొదటి దాని లాభం దానికి పోయడం మొదలైంది. కంగారుపడి మూసేశారు.

ఇవేవీ ఓటములు కావు. కనుమలు. మ్యాపులో ముందే ఉన్న పల్లాలు. మీరు మ్యాపు చూడలేదంతే.

మన వాళ్లకు ఇది చేతకాదని ఎవరూ అనకూడదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. వేలమంది పోయారు. గొడ్డూగోదా పోయాయి. పొలాల్లోకి ఉప్పునీరు వచ్చింది. ఆ తర్వాత ఆ నేల మీదే మళ్లీ నారు పోశారు. ఇప్పుడు నాగాయలంక, కోడూరు వైపు వెళ్లి చూడండి, పచ్చగా ఉంటుంది. మీ ఇంట్లో ఆనాటి మనిషి ఉంటే పక్కన కూర్చుని, మర్నాటి నుంచి ఏం చేశారో అడగండి. ఏమనుకున్నారని అడగొద్దు. ఏం చేశారని అడగండి. ఏ ట్రైనర్ దగ్గరా దొరకని క్లాసు అది.

కనుమలో ఎలా ఉండాలో చెబుతాను.

ఒకటి. అక్కడ కూర్చోకండి. రెస్ట్ తీసుకోవాలంటే శిఖరం మీదే తీసుకోండి, తినాల్సింది అక్కడే తినండి. పల్లంలో కూర్చుంటే ముందూ ఎక్కుడే, వెనకా ఎక్కుడే కనిపిస్తుంది. మనసుకు అంతకంటే చెడ్డ సీటు లేదు.

రెండు. అక్కడ రెండే ప్రశ్నలు వేసుకోండి: నీళ్లెన్ని ఉన్నాయి? టైమెంత అయింది? ఓపిక ఉందా అని అడక్కండి. కనుమలో ఆ ప్రశ్నకు ఎప్పుడూ లేదనే జవాబు వస్తుంది. అది నిజమైన జవాబు కాదు కూడా. పది నిమిషాలు నడిచాక అదే ఒళ్లు వేరే జవాబు చెబుతుంది.

మూడు. శిఖరం వైపు చూడకండి. ఎదురుగా ఉన్న చెట్టు ఎంచుకోండి. దాని దాకా నడవండి. తర్వాత ఇంకో చెట్టు. మెయిన్స్‌కు చదివేవాళ్లకు చెట్టు అంటే ఒక చాప్టర్. బరువు తగ్గేవాళ్లకు ఈ రోజు రాత్రి భోజనం.

ముందే రాసుకోండి: ఇలా అయితే, అలా

పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో ఒక పరిశోధన వ్యాసం రాశాడు. "నేను ఇది సాధిస్తాను" అనుకోవడం కంటే "ఇలా జరిగితే నేను ఇలా చేస్తాను" అని ముందే ఖాయం చేసుకున్నవాళ్లు పని పూర్తి చేసే అవకాశం ఎక్కువని అందులో వివరించాడు. కారణం సులువే. అలిసిపోయిన వేళ నిర్ణయం తీసుకునే పని తప్పుతుంది. నిర్ణయం ఇంటి దగ్గరే అయిపోయింది కాబట్టి అక్కడ అమలు చేయడమే మిగిలింది.

ముందురోజు రాత్రి ఒక కాగితం మీద రాసి బ్యాగు పై జేబులో పెట్టుకోండి:

పదకొండున్నరకు రెండో శిఖరం చేరకపోతే, ఎక్కడున్నా వెనక్కి తిరుగుతాం.
నీళ్లు సగానికి తగ్గితే, అక్కడి నుంచే వెనక్కి.
ఒకరు ఆగిపోతే, అందరం ఆగుతాం. ఇద్దరు తోడు లేకుండా ఎవరినీ వదలం.
దారి అనుమానంగా ఉంటే, చివరిసారి దారి ఖాయంగా తెలిసిన చోటికి తిరిగి వెళ్తాం.
మబ్బు పట్టి ఉరిమితే, బండల మీద నుంచి వెంటనే దిగుతాం.
చెప్పు తెగితే... అసలు చెప్పులతో వెళ్లొద్దు. గ్రిప్ ఉన్న, ఇప్పటికే వాడిన బూట్లు.

మొదటి గీత మీద బేరాలు వద్దు. "ఇంకో పావుగంటలో వచ్చేస్తుంది బాబాయ్" అనే మనిషి ప్రతి గుంపులో ఒకడుంటాడు. అతణ్ని ప్రేమగా భుజం మీద చెయ్యేసి కిందికి తీసుకురండి. మస్తాన్‌బాబు అంతటి అనుభవజ్ఞుడు 2015 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దు ఆండీస్ పర్వతాల్లో గల్లంతయ్యాడు. ఏప్రిల్లో భౌతికకాయం దొరికింది. మన ఊరి పక్క కొండకూ ఆండీస్‌కూ పోలిక లేదు. కానీ ఏ కొండా మన బయోడేటా చూడదు. టైమ్ ప్రకారం వెనక్కి తిరగడం కూడా ప్లాన్‌లో భాగమే. అలా తిరిగినవాడు ఫెయిలవలేదు. మళ్లీ రావడానికి కాళ్లూ ధైర్యమూ దాచుకున్నాడు.

ఇంట్లో ఒకరికి మీ ప్లాన్ చెప్పి వెళ్లండి. ఎన్నింటికి దిగుతారో, ఎన్నింటి దాకా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో. సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. రాళ్ల సందుల్లో చేతులు పెట్టొద్దు. రక్తపింజర గురించి మనకు కొత్తగా చెప్పేవాళ్లు లేరు. రుద్ర శిఖరం దారి ఆ రోజు ఎలా ఉందో గుడి సిబ్బందినీ అటవీశాఖ వాళ్లనూ అడిగే కదలండి.

తర్వాత వారం

దిగారు. స్టేటస్ పెట్టారు. ఇంటికొచ్చారు.

మర్నాడు ఇంటి మెట్లు కూడా పక్కకు తిరిగి దిగుతారు. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. మీరూ నవ్వండి. పూర్తిగా పడుకోవద్దు. పావుగంట నెమ్మదిగా నడవండి, బాగా నీళ్లు తాగండి, నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. వాపు వచ్చినా, కీలు పట్టేసినా డాక్టరు దగ్గరికి.

అసలు ప్రమాదం నాలుగో రోజున ఉంటుంది. నొప్పి పోతుంది. గోల్ అయిపోయింది. పొద్దున్నే ఐదింటికి అలారం మోగుతుంది. లేచి ఏం చేయాలి? ఇది కూడా కనుమే. దీనికీ ముందే రాసుకోండి: "కొండ నుంచి వచ్చిన ఐదో రోజున కాలువ గట్టు మీద 40 నిమిషాలు." ఎందుకు అని అడక్కుండా లేచి వెళ్లండి.

నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది. "అండీ, మా అమ్మగారు కోటప్పకొండ అనగానే తనూ వస్తానంటున్నారు. మోకాళ్లు బాగోలేవు. ఎలా?"

తీసుకెళ్లండి. ఆమెను ఘాట్ రోడ్డు బస్సు ఎక్కించండి. తోడుగా ఒకరిని పంపండి. మీరు మెట్లెక్కి బ్రహ్మ శిఖరం చేరేసరికి ఆమె దర్శనం కూడా అయిపోయి ఉంటుంది. ఆమె చేతి పులిహోర అక్కడే తినండి. నీళ్ల సీసాలు నింపుకోండి. మీ పదకొండున్నర కాగితం ఆమె చేతికిచ్చి, రుద్ర శిఖరం వైపు కదలండి. ఆలస్యమైతే ఫోన్ చేసి తిట్టే పని ఆమెది.